నడుముకీ రేంజ్‌కీ ఒకటే రివాల్వర్ అంటే ఏది తీసుకోవాలి

రెండు తుపాకులు కొనే ఉద్దేశం లేదు, ఒకటే కొంటా, అదే రోజూ బెల్టుకి ఉండాలి, అదే పట్టుకెళ్లి రేంజ్‌లో, అంటే కాల్పుల సాధన చేసే చోట, గంటసేపు కాల్చుకోవాలి, అనేవాళ్ల కోసం ఇది రాస్తున్నా. నా మాట ముందే చెప్పేస్తా. స్టీలు ఫ్రేము, 357 మ్యాగ్నం (గట్టి శక్తి ఉన్న తూటా రకం) చాంబర్, అంటే తూటా కూర్చునే గుంట, బ్యారెల్ దాదాపు 3 నుంచి 4 అంగుళాల మధ్య, సిలిండర్‌లో ఆరో ఏడో రౌండ్లు, అంటే తూటాలు. ఇంతవరకు నాకు అనుమానమే లేదు. ఆ తర్వాత ఫ్రేము కె సైజా ఎల్ సైజా, బ్యారెల్ మూడు అంగుళాలా నాలుగా, కంపెనీ స్మిత్తా రూగరా కోల్టా అన్నదే అసలు తేల్చుకోవాల్సింది, అది మీరు ఎంతసేపు మోస్తారు, ఎన్ని మ్యాగ్నం రౌండ్లు కాలుస్తారు అన్నదాన్ని బట్టే తేలుతుంది.

నేను మొదట కొన్నది మీడియం ఫ్రేము కాదు. అల్యూమినియం ఫ్రేముది, ఐదు రౌండ్లది, ఖాళీగా తూస్తే 410 గ్రాములు ఉండేది, జేబులో వేస్తే ఉన్నట్టే తెలీదు, అందుకే కొన్నా. రేంజ్‌లో యాభై రౌండ్లు కాల్చేసరికి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య చర్మం ఎర్రగా కమిలిపోయింది, తర్వాతి వారం ఇరవై ఐదుతో ఆపేశా, ఆ తర్వాత వెళ్లడమే తగ్గిపోయింది. అంటే మోసే తుపాకీ ఉంది కానీ దానితో సాధన లేదు, దగ్గర దూరంలో కూడా గురి మీద నమ్మకం లేదు. ఇందులో తుపాకీ తప్పేం లేదు, అది చెయ్యాల్సిన పని వేరు. తన్ను లెక్క చాలా సింపుల్, అదే రౌండ్ కాలిస్తే తుపాకీ బరువు సగమైతే వెనక్కి తన్నే శక్తి రెట్టింపవుతుంది, అంతే. కిలో బరువున్న స్టీలు రివాల్వర్‌లో మామూలు 38 స్పెషల్, అంటే మ్యాగ్నం కన్నా మెత్తటి తూటా, కాలిస్తే చెయ్యి హాయిగా ఉంటుంది, మూడొందల రౌండ్లు కాల్చినా మర్నాడు నొప్పి ఉండదు, అదే రౌండ్ ఆ చిన్నదాంట్లో రెండున్నర రెట్లు తంతుంది. రేంజ్‌కి కూడా అదే వాడాలి అనుకున్నప్పుడు బరువుని శత్రువులా చూడకండి.

మీడియం ఫ్రేమంటే ఏంటో కూడా చెప్తా, ఎందుకంటే కంపెనీలు ఎవరి పేరు వాళ్లు పెట్టుకున్నారు. స్మిత్ అండ్ వెసన్ వాళ్లకి జె చిన్నది, కె, ఎల్ మధ్యస్థం, ఎన్ పెద్దది. సిలిండర్ మందం చూస్తే జె దాదాపు 33 మిల్లీమీటర్లు, కె దాదాపు 37, ఎల్ దాదాపు 40. నడుము దగ్గర బట్టల్లోంచి ఉబ్బెత్తుగా కనబడేది సిలిండరే కాబట్టి ఈ మూడు నాలుగు మిల్లీమీటర్ల గురించే ఇంత చర్చ. కె ఫ్రేము 1899లో మిలిటరీ అండ్ పోలీస్ మోడల్‌తో మొదలైంది, అదే తర్వాత 1957 నుంచి మోడల్ 10 అయ్యింది, లక్షల్లో తయారైన తుపాకీ, 38 స్పెషల్ తూటా కూడా దాంతోపాటు పుట్టిందే. అంటే ఈ సైజు ఒక మనిషి చేతికీ ఆరు 38 రౌండ్లకీ కొలిచి కుట్టినట్టు ఉంటుంది, ఇన్నేళ్ల తర్వాత కూడా జనం దాన్ని వదలకపోవడానికి కారణం అదే అని నా నమ్మకం. ఎల్ ఫ్రేము 1980-81లో వచ్చింది, పిడి మాత్రం కె సైజుదే, పైన ఫ్రేమూ సిలిండరూ కొంచెం పెద్దవి. ఈ సంగతి చాలామందికి తెలీదు, చేతిలో పట్టుకుంటే రెండూ దాదాపు ఒకేలా ఉంటాయి, తేడా తెలిసేది బెల్టు మీద, మ్యాగ్నం కాల్చినప్పుడు.

357 చాంబర్ ఎందుకంటున్నానంటే దాంట్లో 38 స్పెషల్ కూడా కాలుతుంది. బుల్లెట్ వ్యాసం ఒకటే, మ్యాగ్నం కేసు, అంటే మందు ఉండే లోహపు గొట్టం, మాత్రం 3.4 మిల్లీమీటర్లు పొడుగు, 1935లో మ్యాగ్నం తెచ్చినప్పుడు పాత 38 తుపాకుల్లో పొరపాటున దూరకుండా ఉండాలనే అలా చేశారు. ఎందుకు దూరకూడదంటే 38 స్పెషల్‌కి గరిష్ట ప్రెషర్ 17,000 పీఎస్ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు), 357కి 35,000, రెట్టింపు పైమాటే. 158 గ్రెయిన్ల (దాదాపు 10 గ్రాముల) బుల్లెట్ 38లో సెకనుకి 750 అడుగుల దగ్గర వెళ్తే 357లో 1,200 దాటుతుంది, ఒకే తుపాకీలో తన్ను మూడు రెట్లకి పైగా పెరుగుతుంది. కాబట్టి ఒకే సిలిండర్‌లో మెత్తటి వాడ్‌కట్టర్ (టార్గెట్‌కి వాడే చదును మొన తూటా) దగ్గర్నుంచి గట్టి మ్యాగ్నం దాకా మీ ఇష్టం, పిస్టల్‌లో ఇంత వెసులుబాటు ఇంత సులువుగా దొరకదు, స్ప్రింగులు మార్చాలి, పైన కదిలే స్లైడ్ పూర్తిగా వెనక్కి రాకపోతే ఇరుక్కుంటుంది, ఇక్కడ ఆ గొడవలేమీ లేవు. ఒక్క జాగ్రత్త, 38లు ఎక్కువ కాలిస్తే చాంబర్ లోపల పొట్టి కేసు అంచు ఆగేచోట మసి వలయంలా పేరుకుంటుంది, తర్వాత పొడుగు మ్యాగ్నం కేసు లోపలికి పూర్తిగా వెళ్లదు, వెళ్లినా బయటికి రావడానికి మొరాయిస్తుంది. రేంజ్ నుంచి రాగానే చాంబర్లు బ్రష్‌తో తోమండి, ముఖ్యంగా మర్నాడు అదే తుపాకీలో క్యారీ రౌండ్లు, అంటే ఆత్మరక్షణకి మోసే తూటాలు, వేసుకోబోతుంటే.

ఇప్పుడు కె ఫ్రేములో మ్యాగ్నం సంగతి, ఇది కాస్త వివరంగా చెప్పాలి ఎందుకంటే పాతవి కొనేవాళ్లు ఎక్కువ దెబ్బతినేది ఇక్కడే. 1955లో మోడల్ 19 కాంబాట్ మ్యాగ్నం వచ్చింది, అమెరికా బోర్డర్ పెట్రోల్‌లో పనిచేసిన బిల్ జోర్డన్ ఇలాంటిది కావాలని స్మిత్ వాళ్లని ఒప్పించాడు, తేలిగ్గా మోసుకునే సైజులో మ్యాగ్నం శక్తి. అప్పట్లో దాన్ని వాడిన పద్ధతి, సాధనకి 38, డ్యూటీకి 357. ఆ పద్ధతిలో దశాబ్దాలు బాగానే నడిచింది. తర్వాత సాధన కూడా మ్యాగ్నంతోనే చెయ్యాలన్న పోలీసు శాఖలు పెరిగాయి, రౌండ్లు కూడా 125 గ్రెయిన్ల తేలికైన వేగమైన బుల్లెట్లకి మారాయి, అప్పుడు సమస్య బయటపడింది. కె ఫ్రేములో సిలిండర్ క్రేన్‌కి (సిలిండర్‌ని పక్కకి తెరిచే చెయ్యికి) చోటు కావాలని బ్యారెల్ వెనక కొసని, అంటే ఫోర్సింగ్ కోన్‌ని, అడుగున కొంచెం చదునుగా చెక్కుతారు, అక్కడ లోహం పల్చన, సరిగ్గా అక్కడే చీలిక వచ్చేది. ఎల్ ఫ్రేము పుట్టింది ఈ కారణానికే. 2014లో మళ్లీ తెచ్చిన మోడల్ 66 (19కి స్టెయిన్‌లెస్ రూపం), 2018లో వచ్చిన కొత్త 19 వీటిలో ఆ చదును కోత లేదు, 66లో బ్యారెల్ కూడా రెండు ముక్కల డిజైన్. కాబట్టి పాత 19, పాత 66 దొరికితే ఆనందంగా తీసుకోండి కానీ దాన్ని మ్యాగ్నం కూడా కాల్చగల 38గా చూసుకోండి, 158 గ్రెయిన్ల రౌండ్లతో అప్పుడప్పుడు మాత్రమే మ్యాగ్నం వాడితే మీ తర్వాత మీ పిల్లలు కూడా వాడతారు.

సరే ఇక ఒక్కొక్కటీ. స్మిత్ మోడల్ 66 ఇప్పుడొచ్చేది 2.75, 4.25 అంగుళాల బ్యారెల్స్‌తో, చిన్నది దాదాపు 950 గ్రాములు, పొడుగుది దాదాపు 1,045. స్టెయిన్‌లెస్, ఆరు రౌండ్లు, చెమట పట్టే నడుముకి స్టెయిన్‌లెస్ చాలా మేలు. నా దృష్టిలో నడుము మీద రోజూ ఎనిమిది పది గంటలు ఉండబోయే తుపాకీకి ఇదే సరైన సైజు. 686 ఎల్ ఫ్రేముది, 4 అంగుళాలది 1.1 కిలోకి కొంచెం అటూ ఇటూ, 686 ప్లస్ అయితే ఏడు రౌండ్లు, దాని 3 అంగుళాల మోడల్ దాదాపు 1,040 గ్రాములు. అంటే 4.25 అంగుళాల 66తో సమానమైన బరువులో పొట్టి బ్యారెల్‌తో ఏడు రౌండ్లు వస్తున్నాయి, ఇది గమనించండి. ఏడు రౌండ్లలో ఇంకో లాభం ఉంది, బేసి సంఖ్య కాబట్టి సిలిండర్‌ని ఆపే గాడి చాంబర్‌కి సరిగ్గా మీద పడకుండా రెండు చాంబర్ల మధ్యకి వస్తుంది, గోడ మందంగా ఉండిపోతుంది. ట్రిగ్గర్ పెట్టెలోంచి తీసినప్పుడే నున్నగా ఉండేది స్మిత్తే అని చాలామంది అంటారు, నా అనుభవం కూడా అదే, కానీ ఒక్కో తుపాకీకి తేడా ఉంటుంది కాబట్టి కొనేది చేత్తో నొక్కి చూసి కొనండి.

రూగర్ జీపీ 100 సంగతి వేరు. 1980ల మధ్యలో సెక్యూరిటీ సిక్స్ స్థానంలో వచ్చింది, పక్కన తెరిచే ప్లేట్ లేకుండా ఫ్రేము ఒకే గట్టి ముక్క, సిలిండర్ ముందు వైపు క్రేన్ దగ్గర కూడా లాక్ అవుతుంది, కాయిల్ స్ప్రింగులు, ట్రిగ్గర్ సెట్టంతా ఒక ముక్కగా కిందకి ఊడొస్తుంది. 4.2 అంగుళాలది దాదాపు 1,130 గ్రాములు, 3 అంగుళాలది దాదాపు 1,020. ప్రతి వారం మ్యాగ్నం కాలుస్తా అనేవాడికి నేను వేరే పేరు చెప్పను, ఇదే చెప్తా. ట్రిగ్గర్ కొత్తలో కాస్త గరగరలాడుతుంది, వెయ్యి రెండువేల సార్లు డ్రై ఫైర్ చేస్తే, అంటే ఖాళీ తుపాకీ ట్రిగ్గర్ నొక్కితే, చాలావరకు సర్దుకుంటుంది. దీనికి పిడి లోపల సన్నటి కడ్డీ మాత్రమే ఉంటుంది, దాని మీద ఏ గ్రిప్ కావాలంటే అది తొడగొచ్చు, చిన్న చేతులవాళ్లకి ఇది వరం, ఈ సంగతి ఎవరూ సరిగ్గా చెప్పరు. అడ్జస్టబుల్ సైట్లున్న మోడల్స్‌లో ముందు సైట్‌ని చిన్న పిన్ను నొక్కి మనమే మార్చుకోవచ్చు కూడా.

కోల్ట్‌లో రెండున్నాయి. కింగ్ కోబ్రా 3 అంగుళాలది 2019లో వచ్చింది, దాదాపు 790 గ్రాములే, ఆరు రౌండ్లు, సిలిండర్ కె కన్నా కూడా కొంచెం సన్నం. మోయడానికి ఈ లిస్టులో అన్నిటికన్నా సుఖం, 38 ప్లస్ పీ (కొంచెం ఎక్కువ ప్రెషర్ 38) రౌండ్లతో బాగా అదుపులో ఉంటుంది, కానీ మ్యాగ్నం వేస్తే తేలిక బరువు చెయ్యికి తెలుస్తుంది, నెలకి ఒకసారి రేంజ్‌కెళ్లేవాళ్లకి పర్లేదు. పైథాన్ 1955 నాటి పేరు, మధ్యలో ఆగిపోయి 2020లో కొత్త డిజైన్‌తో మళ్లీ వచ్చింది, 4.25 అంగుళాలది దాదాపు 1,190 గ్రాములు, పాతవాటిలో ట్రిగ్గర్ చివర్లో బరువు పెరిగినట్టుండేది కొత్తదాంట్లో లేదు, డబుల్ యాక్షన్, అంటే ట్రిగ్గర్ ఒక్క నొక్కుతోనే హ్యామర్ లేచి పడే పద్ధతి, చాలా చక్కగా ఉంటుంది. అందం చూసి కొంటే తప్పనను, రేంజ్‌లో కాలుస్తుంటే నిజంగా ముచ్చటేస్తుంది, కానీ రోజూ చెమటలో, కారు సీటు బెల్టు బకిల్‌కి గీసుకుంటూ తిరిగే పనికి దాన్ని పెట్టడానికి నాకు మనసొప్పదు, మీకు ఒప్పితే తుపాకీ మాత్రం ఆగుతుంది. టారస్ కంపెనీ 66 తక్కువ ఖర్చులో ఏడు రౌండ్ల దారి, కొనేముందు కింద చెప్పిన పరీక్షలన్నీ ఆ ఒక్క తుపాకీ మీద చేసి చూసుకోండి.

బ్యారెల్ పొడుగు దగ్గరే ఎక్కువమంది తడబడతారు. పొట్టిదైతే దాచుకోవచ్చు పొడుగుదైతే గురి బాగుంటుంది అని అందరికీ తెలిసిందే, కానీ మధ్యలో ఇంకో సంగతుంది, అది ఎజెక్టర్ రాడ్. పాత కె ఫ్రేము 2.5 అంగుళాలవాటిలో బ్యారెల్ కింద చోటు లేక రాడ్ పొట్టిగా చేస్తారు, నొక్కితే ఖాళీ కేసులు పూర్తిగా బయటికి రావు, ఒకటో రెండో వేలాడతాయి, గోరుతో లాక్కోవాలి. 3 అంగుళాలు ఉంటే పూర్తి పొడుగు రాడ్ పడుతుంది, ఒక్క గట్టి దెబ్బకి ఆరూ ఊడిపడతాయి. 1980ల్లో ఎఫ్‌బీఐ తమ ఏజెంట్లకి 3 అంగుళాల మోడల్ 13 ఇచ్చిందంటే ఊరికే కాదు. ఇక గురి విషయం, 3 అంగుళాల బ్యారెల్ 4 కన్నా తక్కువ కచ్చితం అనేది తప్పు, బ్యారెల్ లోపం కాదది, రెండు సైట్ల మధ్య దూరం తగ్గడం వల్ల మన చిన్న పొరపాటు కంటికి కనపడదు, అంతే. ఏడు గజాల్లో తేడా దాదాపు ఉండదు, పదిహేనులో కొద్దిగా, ఇరవై ఐదులో నిజంగా తెలుస్తుంది. మీరు ఇరవై ఐదు గజాల్లో గుండ్రటి టార్గెట్ మీద పాయింట్లు లెక్కపెట్టుకునేవాళ్లయితే 4 తీసుకోండి. అలా కాకపోతే 3. వేగం కూడా కొంచెం తగ్గుతుంది పొట్టి బ్యారెల్‌లో, మ్యాగ్నంకి ఎక్కువ తగ్గుతుంది ఎందుకంటే మందు పూర్తిగా కాలేలోపే బుల్లెట్ బయటికెళ్లిపోతుంది, మిగిలింది మంటా చప్పుడూ అవుతుంది. ఆ చప్పుడు 160 డెసిబెల్స్ దాటుతుంది, 140 దగ్గరే చెవులకి శాశ్వతంగా నష్టం మొదలవుతుంది, అందుకే ఇండోర్ రేంజ్‌లో ఇయర్ ప్లగ్స్ పెట్టుకుని వాటిమీద మఫ్స్ కూడా పెట్టండి, ఒకటే చాలు అనుకోవద్దు.

ఇంట్లో కూర్చున్నప్పుడు 4 అంగుళాలది అస్సలు అసౌకర్యం కాదు నడుము పక్కన పెడితే, ముందువైపు బెల్టు లోపల పెడితే మాత్రం కూర్చున్నప్పుడు తొడ మడతలో గుచ్చుతుంది. కాబట్టి మీరు ఎక్కడ పెట్టుకుంటారన్నది ముందు తేల్చుకుని తర్వాత అంగుళాలు ఎంచుకోండి, తలకిందులుగా చెయ్యొద్దు.

ట్రిగ్గర్ గురించి ఒక మాట, రివాల్వర్‌ని సింగిల్ యాక్షన్‌లో, అంటే హ్యామర్ వెనక్కి లాగి మీటి, రెండు కిలోల లోపు బరువుతో నొక్కి, టార్గెట్ మధ్యలో చిల్లు చూసుకుని ఇదే బాగుంది అనుకునేవాళ్లని చాలామందిని చూశా. ఆత్మరక్షణకి వాడేది డబుల్ యాక్షనే, దాదాపు ఐదు కిలోల పొడుగాటి నొక్కు. హ్యామర్ లాగి పెట్టిన తుపాకీని భయంలో ఉన్న చేతిలో పట్టుకోవడం ప్రమాదం. కాబట్టి షాపులో నొక్కి చూసేటప్పుడు, ఖాళీ అని రెండుసార్లు చూసుకుని, వాళ్లనడిగి, డబుల్ యాక్షన్‌లోనే పది పదిహేనుసార్లు నొక్కండి, ముందు సైట్ ఊగకుండా చివరిదాకా వెళ్తోందా, వేలి మొదటి కణుపు ట్రిగ్గర్‌కి హాయిగా అందుతోందా చూడండి. అందకపోతే ఆ తుపాకీ ఎంత గొప్పదైనా మీది కాదు, ముందు సన్నటి గ్రిప్ వేసి చూడండి, అప్పటికీ అందకపోతే వేరే ఫ్రేముకి వెళ్లండి. ట్రిగ్గర్ తేలిక చెయ్యాలని స్మిత్‌లో పిడి ముందువైపుండే స్ట్రెయిన్ స్క్రూని వదులు చేసేవాళ్లున్నారు, దయచేసి చెయ్యొద్దు, హ్యామర్ దెబ్బ బలం తగ్గి ప్రైమర్, అంటే తూటా వెనక మందు అంటించే చిన్న మూత, పేలకుండా పోతుంది, సెకండ్ హ్యాండ్ కొన్నప్పుడు కూడా ఆ స్క్రూ పూర్తిగా బిగించి ఉందో లేదో చూడండి.

గ్రిప్ రబ్బరుదైతే రేంజ్‌లో సుఖం కానీ చొక్కా దానికి అంటుకుని ఆకారం బయటపడుతుంది, నున్నటి చెక్కదైతే బట్ట జారిపోతుంది, నేను నడుముకి చెక్క, మ్యాగ్నం రోజుకి రబ్బరు మారుస్తా, ఒక స్క్రూ పని. ఎడమ ప్యానెల్ పైన స్పీడ్‌లోడర్ (అన్ని రౌండ్లూ ఒకేసారి వేసే గుండ్రటి పట్టు) దూరడానికి చెక్కిన పల్లం ఉందో లేదో చూడండి, లేకపోతే రౌండ్లు తగిలి ఆగిపోతాయి. సైట్లు అడ్జస్టబుల్ అయితే రేంజ్‌కి మంచిది ఎందుకంటే 125 గ్రెయిన్లు, 158 గ్రెయిన్లు ఒకే చోట తగలవు, తేలిక బుల్లెట్ త్వరగా బ్యారెల్ దాటేస్తుంది కాబట్టి మామూలుగా కిందకి తగులుతుంది. ఫిక్స్‌డ్ సైట్లయితే గట్టివి, బట్టకి తగలవు, కానీ వాటికి సరిపడే బరువు రౌండ్ మీరే వెతుక్కుని దానికే కట్టుబడాలి. నల్లటి ముందు సైట్ మీద కొంచెం నారింజ రంగు పూస్తే కంటికి ఎంత తేడానో.

హోల్‌స్టర్ ట్రిగ్గర్ గార్డుని పూర్తిగా కప్పాలి, బెల్టు గట్టిది కావాలి, కిలో బరువు మామూలు బెల్టుకి వేలాడదీస్తే సాయంత్రానికి నడుం పడిపోతుంది, చాలామంది తుపాకీ బరువని తిట్టుకునేది నిజానికి బెల్టు మెత్తదనమే. హోల్‌స్టర్‌లో పెట్టేటప్పుడు బొటనవేలు హ్యామర్ మీద ఉంచండి, ఏదైనా గుడ్డ ట్రిగ్గర్‌కి తట్టుకుంటే హ్యామర్ లేస్తున్నట్టు వేలికి తెలిసిపోతుంది, ఈ సదుపాయం హ్యామర్ బయటికి ఉండే తుపాకులకే ఉంది, అందుకే హ్యామర్ కొమ్ము కోయించడానికి నేను ఒప్పుకోను. ఇప్పటి స్మిత్‌లో హ్యామర్ బ్లాక్, రూగర్‌లో ట్రాన్స్‌ఫర్ బార్ ఉంటాయి, ట్రిగ్గర్ నొక్కకుండా పేలనివ్వవు, కాబట్టి అన్ని చాంబర్లూ నింపుకోవచ్చు. అదనపు రౌండ్లకి స్పీడ్‌లోడర్ త్వరగా పనిచేస్తుంది కానీ జేబులో గడ్డలా ఉంటుంది, రౌండ్లు వరసగా గుచ్చే చదునైన స్ట్రిప్ నెమ్మదే కానీ మీ దగ్గర నిజంగా ఉండేది అదే. ఇంకోటి, సిలిండర్ తెరిచే మీట స్మిత్‌లో ముందుకి తోయాలి, కోల్ట్‌లో వెనక్కి లాగాలి, రూగర్‌లో లోపలికి నొక్కాలి, కాబట్టి మీ దగ్గర ఇప్పటికే ఒక బ్రాండ్ ఉంటే దానితోనే ఉండండి, చెయ్యి అలవాటు చాలా గట్టిది. సాధన ఖర్చు తగ్గాలంటే అదే సైజులో 22 (చిన్న, చవక తూటా) ది కూడా వస్తుంది, స్మిత్ 617, రూగర్ జీపీ 100 22, రెండూ పది రౌండ్లవి.

పాతది కొంటుంటే ఇవి చూడకుండా డబ్బివ్వద్దు. ఖాళీ చేసి, హ్యామర్‌ని నెమ్మదిగా వెనక్కి లాగండి, హ్యామర్ పూర్తిగా ఆగేలోపే సిలిండర్ టక్కున లాక్ అవ్వాలి, ఆరు చాంబర్లకీ ఆరుసార్లు. హ్యామర్ లాగి పెట్టి బొటనవేలితో వెనకనుంచి మెల్లగా తోయండి, పడిపోతే ఎవరో లోపల గీకారన్నమాట, వదిలేయండి. సిలిండర్‌ని ముందుకీ వెనక్కీ కదిపి చూడండి, కదలిక కంటికి కనిపిస్తే అనుమానించండి. బ్యారెల్‌కీ సిలిండర్‌కీ మధ్య సందు 0.10 నుంచి 0.20 మిల్లీమీటర్లుంటే బాగున్నట్టు, ఫీలర్ గేజ్ (సందు కొలిచే పల్చటి రేకులు) పట్టుకెళ్లండి. టార్చ్ వేసి ఫోర్సింగ్ కోన్ అడుగున వెంట్రుక లాంటి గీత ఉందేమో చూడండి, కె ఫ్రేము మ్యాగ్నం అయితే రెండుసార్లు చూడండి. ఎజెక్టర్ స్టార్ (కేసుల్ని బయటికి తోసే నక్షత్రం ఆకారపు ముక్క) కింద కాలని మందు రేణువులు పేరుకుంటే సిలిండర్ మూసుకోదు, తిరగదు, రివాల్వర్ ఇరుక్కోదు అనేవాళ్లు దీన్ని చూసుండరు, ఖాళీ కేసులు రాల్చేటప్పుడు బ్యారెల్ పైకెత్తి అరచేత్తో రాడ్‌ని ఒక్కసారి గట్టిగా కొడితే ఈ సమస్య చాలామటుకు రాదు. పిస్టల్ అలవాటున్నవాళ్లు ఇంకో సంగతి మర్చిపోవద్దు, ముందు చేతి బొటనవేలు సిలిండర్ పక్కన ఆ సందు దగ్గరకి చాపొద్దు, అక్కడినుంచి వచ్చే వేడి గ్యాసు మ్యాగ్నంతో చర్మం కోసేస్తుంది.

మీరుండే చోట ఏ క్యాలిబర్‌కి అనుమతి ఉంది, మోసుకెళ్లడానికి లైసెన్సు ఎలా అన్నది కొనేముందే తేల్చుకోండి. ఒంటి మీద లేని ప్రతి నిమిషం అది తాళం పెట్టిన పెట్టెలో ఉండాలి, డబుల్ యాక్షన్ బరువు ఎక్కువ కాబట్టి పిల్లలు నొక్కలేరని ఎవరైనా అంటే నమ్మొద్దు, రెండు చేతుల వేళ్లతో నొక్కగలరు, హ్యామర్ లాగితే ఇంకా సులువు. రేంజ్ నుంచి వచ్చాక సీసం పోయేలా చల్లనీళ్లూ సబ్బుతో చేతులు కడుక్కునే ఏదైనా ముట్టుకోండి.

మరి ఏది? వారంలో ఐదారు రోజులు మోస్తూ, కాల్చేది ఎక్కువ 38లే అయితే 2.75 అంగుళాల 66, నడుము సన్నగా ఉండి బరువు అస్సలు వద్దనుకుంటే కింగ్ కోబ్రా. ఎక్కువ రేంజ్, అందులోనూ మ్యాగ్నం ఇష్టం, అప్పుడప్పుడు మోస్తా అంటే జీపీ 100 4.2 అంగుళాలది. సగం సగం అంటే 3 అంగుళాల 686 ప్లస్, నా నడుము మీద ఉన్నది అదే, బరువుగానే ఉంటుంది, కానీ నెలకి నాలుగొందల 38లు నొప్పి లేకుండా కాలుస్తున్నా, ప్రతిసారి చివరి సిలిండర్ మాత్రం క్యారీ రౌండ్లతో. ఏది తీసుకున్నా కొన్న మొదటి వారం ఖాళీ తుపాకీని హోల్‌స్టర్‌లో పెట్టుకుని ఇంట్లోనే రెండు మూడు గంటలు తిరగండి, కూర్చోండి, వంగి బూట్ల లేసులు కట్టుకోండి, కారెక్కి దిగండి. ఆ తర్వాత రేంజ్‌లో కనీసం రెండొందల రౌండ్లు, అందులో మీరు మోయబోయే రౌండ్లు యాభై, ఒక్కటి పేలకపోయినా, సిలిండర్ ఒక్కసారి బిగుసుకున్నా కారణం దొరికేదాకా దాన్ని బెల్టుకి ఎక్కించొద్దు.